కదలెడి నేల, కదలని తీర్పు

విదురాశ్వత్థమున ఉత్తర పినాకినీ తీరమున నిలిచినవారికి, కాలి క్రింది నేలకంటె స్థిరమైనది లోకమున వేరొకటి లేదని తోచును. ఈ ప్రాంతపు రాళ్ళలో పెక్కు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. అయినను ఆ క్షేత్రమును, నదియు, మన అంగళ్ళును, ఇళ్ళును భారతదేశముతోపాటు ఏడాదికి ఇంచుమించు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యదిశకు సాగిపోవుచున్నవి. ఈ సంగతిని లోకము ఒప్పుకొనుటకు అర్ధశతాబ్దము పట్టినది. ఆ ఆలస్యము మనవంటి వ్యాపారస్థులు ఆలోచింపదగినది.

ఖండములన్నియు ఒకప్పుడు కలిసియుండి పిదప విడిపోయినవని 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చెప్పెను. 1915లో గ్రంథము ప్రకటించెను. సాక్ష్యము బలమైనదే. ఆఫ్రికా, దక్షిణ అమెరికా తీరములు ఒకదానికొకటి అతుకునట్లున్నవి. గ్లాసాప్టెరిస్ అను పురాతన వృక్షపు ఆకుల అచ్చులు మన సింగరేణి గనులున్న గోదావరి లోయలోను, దక్షిణాఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, మంచు కప్పిన అంటార్కిటికాలోను దొరకినవి. మధ్య భారతమునందలి గోండుల సీమను బట్టియే ఆ ప్రాచీన దక్షిణ భూభాగమునకు గోండ్వానా అను పేరు వచ్చినది.

అయితే ఖండములను కదల్చు బలమేది? వెగెనర్ భూభ్రమణమును, సూర్యచంద్రుల ఆకర్షణను చూపెను. ఇంగ్లాండునందలి హెరాల్డ్ జెఫ్రీస్ లెక్కకట్టి అవి చాలవని తేల్చెను. ఆ లెక్క సరియైనదే. కాని పలువురు అంతటితో ఆగక, కారణము తప్పు గనుక కదలికయే అబద్ధమనిరి. 1930లో వెగెనర్ గ్రీన్‌లాండు మంచులో మరణించునాటికి ఆయన మాట నమ్మినవారు కొద్దిమందియే.

ఇది మన యిండ్లలోను జరుగుచున్నది. అంగడిలో బేరము తగ్గినదని తమ్ముడు చెప్పును. అందులకు ఒక కారణమును చెప్పును. ఆ కారణము తప్పని అన్న నిరూపించి, బేరమే తగ్గలేదని నిశ్చింతగా కూర్చుండును. పద్దునకు వ్రాసిన వివరము తప్పైనంతమాత్రమున పెట్టెలోని రొక్కము మారునా?

ఇచట కొందరు, అనేకాంతమనగా అందరి మాటయు నిజమేయని తలయూపుట గదా యందురు. కాదు. ఏ మాట ఏ మేరకు నిజమో తూచి చూచుటయే అనేకాంతము. తూచుటకు సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యము సముద్రగర్భమున దొరకినది.

1950 తరువాత మేరీ తార్ప్ అను అమెరికా వనిత సముద్రపు లోతుల లెక్కలతో పటములు గీయుచు, అట్లాంటిక్ నడుమనున్న పర్వతపంక్తి వెంబడి లోయ యొకటి కలదని కనుగొనెను. ఆమె మాటను సహచరుడే మొదట త్రోసిపుచ్చెను. అట్టి గట్లవద్ద క్రొత్త సముద్రతలము పుట్టి ఇరువైపులకు జరుగునని 1962లో హారీ హెస్ వ్రాసెను. పైకివచ్చిన కరగిన శిల చల్లారునప్పుడు ఆనాటి భూమి అయస్కాంత దిశను తనలో నిలుపుకొనును. ఆ దిశ అప్పుడప్పుడు తలక్రిందులగును. కావున గట్టునకు ఇరుప్రక్కల ఒకే వరుసలో చారలుండవలెనని 1963లో వైన్, మాథ్యూస్ చెప్పిరి. వారికి ఆధారమైన కొలతలు మన హిందూమహాసముద్రములోని కార్ల్స్‌బర్గ్ గట్టువద్ద తీసినవి.

భూమి పైపొర పెద్ద పలకలుగా నున్నదని క్రమముగా తేలినది. విదురాశ్వత్థమునకు సమీపమున గౌరిబిదనూరువద్ద 1965లో భూగర్భ అణువిస్ఫోటములను కనిపెట్టుటకై నెలకొల్పిన యంత్రములు దూరదేశపు భూకంపములను సైతము పట్టును. ఇట్టి యంత్రములు పలుదేశములలో నమోదు చేసిన భూకంపములను పటముపై గుర్తింపగా, పెక్కు ఆ పలకల అంచులవెంబడియే కనబడెను. 1968 నాటికి వివాదము చాలవరకు తీరినది.

వెగెనర్ పూర్తిగా గెలిచెననుటయు సరికాదు. ఖండములు సముద్రతలమును చీల్చుకొని పోవుటలేదు. పలకలు రెంటిని కలిపి మోసికొనిపోవుచున్నవి. కదలిక నిజము, ఆయన చెప్పిన కారణము తప్పు. ప్రతిపక్షుల లెక్క ఒప్పు, తీర్పు తప్పు.

సోదరులారా, ఇంటిలోగాని సంఘములోగాని ఒకరి మాటను కొట్టివేయుటకు ముందు, వారు చూచినదానిని, దానికి వారు చెప్పిన కారణమును వేరువేరు పద్దులలో వ్రాసికొందము. రెండవది చెల్లకపోయినను మొదటిదానిని మరల పరిశీలింతము. పాత లెక్కను తిరిగి తెరచుటలో పరువునష్టము లేదు. ఏటేట దీపావళికి మనము చేయునది అదియే గదా.