ముందు నీ పరీక్ష, అల్లుడూ

అల్లుడూ, పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లల్లేరని నువ్వు కుమిలిపోతున్నావు. మా అక్కేమో అనంతపురంలో కూచుని నీకు ఇంకో సంబంధం చూస్తానంటోంది. అక్క సంగతి నాకొదిలెయ్. నీ భార్య నాకు వరసకు కూతురు కాబట్టి నీకు కొంచెం గట్టిగానే చెప్తా.

ఆ పిల్ల బెంగళూరు వాణీ విలాస్ ఆసుపత్రి చుట్టూ తిరిగింది. రక్తపరీక్షలు, స్కానింగులు అయ్యాయి. గర్భసంచిలోకి మందెక్కించి తీసే ఎక్స్‌రే కూడా అయింది. అదెంత నొప్పో పడ్డవాళ్లకే తెలుసు. అప్పుడల్లా నువ్వు బయట టీ తాగుతూ కూచున్నావు. పక్కనే విక్టోరియా, ఆ ఆవరణలోనే కిడ్నీ, యూరాలజీ ఆసుపత్రి. మగవాళ్ల ఈ ఇబ్బందులు చూసేది యూరాలజీ వాళ్లే. అక్కడి మార్కెట్ దాకా వచ్చినవాడివి ఆ గడప ఎందుకు తొక్కలేదు?

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో కారణం ఉంటుంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆరుగురిలో ఒకరికి ఈ సమస్య వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అంటే మీ లేబర్ షెడ్డులోనూ నువ్వొక్కడివే అయి ఉండవు, నోరు విప్పేవాడే లేడు. రోజంతా కంబి మోసే ఒంట్లోనూ వీర్యకణాలు తక్కువుండొచ్చు. ఆ లెక్కకీ మగతనానికీ సంబంధం లేదు.

వీర్యపరీక్షకు నీకు అడ్డం సిగ్గొక్కటే కాదని నాకు తెలుసు. ఒక రోజు కూలి పోతుంది, మేస్త్రీ కారణం అడుగుతాడు. రేకుల షెడ్డులో నలుగురి మధ్య శాంపిల్ ఇవ్వడం కుదిరే పనా? ల్యాబులో ఇద్దామంటే గడియ సరిగా పడని బాత్‌రూము చూపిస్తారు, బయట ఎవడో తలుపు కొడుతుంటాడు. చదువుకున్నోడికైనా అక్కడ చేతకాదు. ఇంటినుంచి తెస్తే గంటలోపు ల్యాబులో ఉండాలి, దారిలో ఒంటి వెచ్చదనం తగలాలి. మీ వైట్‌ఫీల్డ్ నుంచి గంటలో మార్కెట్ చేరతానని ఈ ఊళ్లో ఎవడైనా పందెం కాస్తాడా? అందుకే మీ దగ్గరి ల్యాబే చూసుకో. శనివారం బట్వాడా అయ్యాక, ఆదివారం పొద్దున తెరిచేదైతే కూలి పోదు. ఖర్చు కొన్ని వందలు, అమ్మాయి ఎక్స్‌రేకంటే తక్కువే. కౌంటర్లో డాక్టరు చీటీ చూపిస్తే చాలు, నోటితో చెప్పక్కర్లేదు. పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులు మించకుండా కలయిక లేకుండా ఉండు. శాంపిల్ కొంచెం ఒలికినా దాచకుండా చెప్పు.

లెక్క తక్కువొస్తే అదే తీర్పనుకోకు, మళ్లీ చేయిస్తారు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. పరీక్షకు ముందు ఆ రెండున్నర నెలల్లో గట్టి జ్వరమొచ్చినా ఆ దెబ్బ రిపోర్టులో కనపడుతుంది. వృషణాల దగ్గర నరాలు ఉబ్బితే ఆపరేషనుంది. కణాలు అసలే కనపడకపోయినా, దారి మూసుకుపోయిందేమో చూస్తారు. ఒక్క కణాన్ని అండంలోకి ఎక్కించే పద్ధతి 1992 నుంచే ఉంది. అది మన జేబుకు భారమే, నిజం. కానీ చాలామందికి అంతదాకా పోవాల్సిన పని ఉండదు. గుట్కా మాత్రం ఈరోజే మానెయ్.

రోడ్డు పక్క డేరాల్లో వేర్లూ లేహ్యాలూ అమ్మేవాళ్ల దగ్గరికి పోకు. వాళ్లు పరీక్ష అడగరు, నాడి పట్టుకుని వేలకు వేలు లాగుతారు. నీ సిగ్గే వాళ్ల పెట్టుబడి.

రిపోర్టు ఏదొచ్చినా ముందు అమ్మాయికి చూపించు. డబ్బు చాలకపోతే నాకు చెప్పు, ఫోన్‌పే చేస్తా. మేస్త్రీని మాత్రం అప్పడక్కు, ఎందుకని అడిగి షెడ్డంతా చెప్తాడు.