పిండిమర కింద నిలబడి

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో ఒక కొండమీద వెజెలే అనే చిన్న ఊరుంది. కొండ కొమ్మున మగ్దలేనే మరియ పేరిట కట్టిన చర్చి. దాని దక్షిణం వైపు నడవలో ఒక స్తంభం తలమీద ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య ఒక పిండిమర. ఒకడు పొట్టి అంగీ వేసుకుని, కాళ్లకు జోళ్లు తొడుక్కుని, ఒళ్లు వంచి బస్తాలోంచి గింజలు పోస్తున్నాడు. రెండోవాడు నిలువుటంగీ తొడిగి, ఉత్త పాదాలతో నిలబడి, జారే పిండిని సంచిలోకి పట్టుకుంటున్నాడు. రోమనెస్క్ శిల్పంలో దీనికన్నా ఘనమైనవి చాలా ఉన్నాయి. ఆ చర్చిలోనే, ముఖమంటపం దాటే ద్వారం పైన, క్రీస్తు చేతుల నుంచి బయల్దేరిన కిరణాలు శిష్యుల తలలను తాకే పెద్ద ఫలకం ఉంది. దాన్ని చూసి తల వంచుతాను. కానీ మళ్లీ మళ్లీ తలచుకునేది మాత్రం ఈ మరనే.

పండితులు దీనికి చెప్పే అర్థం తెలిసిందే. గింజలు పోసేవాడు మోషే, పిండి పట్టేవాడు పౌలు. పాత నిబంధన అనే ధాన్యం క్రీస్తు అనే మరలో నలిగి సువార్త అనే పిండి అవుతుంది. మర చక్రంలో సిలువ గుర్తు కూడా కనిపిస్తుంది. పారిస్ పక్కనున్న సెయింట్ డెనిస్ మఠాధిపతి సుజేర్ కూడా తన చర్చి కిటికీ అద్దాల్లో పౌలు చేత ఇలాగే మర తిప్పించాడు. అంటే చదువుకున్న సన్యాసులకు ఇది పరిచయమైన భావమే.

మరి చదువు రాని మనిషికి? ఈ స్తంభం చెక్కిన పన్నెండో శతాబ్దంలో పండిన పంటలో పదోవంతు చర్చికి కొలవాలి. చాలాచోట్ల మర కూడా ప్రభువుదే, ఆడించినందుకు కొంత పిండి అక్కడే వదిలి రావాలి. అలాంటి మనిషి తలెత్తి ఈ స్తంభం చూస్తే మోషే గుర్తుకొచ్చాడో లేదో గాని, బస్తా ఎత్తినప్పుడు నడుము ఎక్కడ పట్టేస్తుందో తప్పకుండా గుర్తుకొచ్చి ఉంటుంది. ఆ వంగిన వీపును చెక్కినవాడికి బస్తా బరువు తెలుసని నా నమ్మకం. పుస్తకం చదివి అలాంటి వీపు చెక్కలేరు.

ఈ చర్చి ఎలా లేచిందో తెలిశాక ఆ బస్తా నాకు మరింత బరువెక్కింది. మరియ అస్థికలు ఇక్కడ ఉన్నాయని నమ్మి యాత్రికులు వేలల్లో వచ్చేవారు. దూరాన స్పెయిన్‌లోని సంతియాగోకు నడిచివెళ్లే దారుల్లో ఒకటి ఇక్కడే మొదలయ్యేది. ఆ జనానికి పాత చర్చి చాలక మఠాధిపతి ఆర్తో 1096లో కొత్తది మొదలుపెట్టాడు. ఖర్చు ఊరిమీద పడింది. పన్నులు తాళలేక 1106లో ఊరివాళ్లు తిరగబడి ఆర్తోను చంపేశారు. 1120లో, సరిగ్గా మరియ పండుగ వేళ, మంటలు చెలరేగి ఎందరో యాత్రికులు చనిపోయారు. ఆ తర్వాత కట్టిన మధ్య మంటపమే ఇప్పుడు మనం చూస్తున్నది. మర స్తంభం ఆ కట్టడంలోదే.

ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1125 ప్రాంతంలో, క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ ఒక లేఖ రాశాడు. సన్యాసులు చదువుకునే చోట ఈ వింత మృగాలు, సగం మనిషి సగం గుర్రం బొమ్మలు దేనికని నిలదీశాడు. చర్చి తన గోడలకు బంగారం తొడిగి, తన బిడ్డలను బట్టల్లేకుండా వదిలేస్తోందన్నాడు. ఊరి చర్చిలో సామాన్య జనం కోసం కొంత అలంకారం ఉంటే ఆయన సహించాడు. పేదరికాన్ని వ్రతంగా పట్టినవాళ్ల ఆడంబరాన్ని మాత్రం క్షమించలేదు. ఈ ప్రశ్నకు జవాబుగా అందాన్ని చూపించడం నాకు నచ్చదు. బొమ్మ బాగుంది కాబట్టి పన్ను మాఫీ, అన్నట్టుంటుంది అది. కట్టినవాళ్లు పోతారు, కళ మిగులుతుంది అనే మాట కూడా నాకు మింగుడుపడదు. అలా అనేవాళ్లం ఆ పన్ను కట్టనివాళ్లం.

అయినా బెర్నార్డ్‌తో చివరిదాకా నడవలేను. 1146 ఈస్టర్ రోజున ఆయనే వెజెలే వచ్చాడు. చర్చిలో జనం పట్టరని కొండవాలు పొలంలో నిలబడి, ఏడో లూయీ రాజు సమక్షంలో, రెండో క్రూసేడు యుద్ధానికి రమ్మని పిలుపునిచ్చాడు. బట్టల్లేని బిడ్డల కోసం బాధపడిన గొంతే అది. ఆ పిలుపు విని బయల్దేరినవాళ్లలో ఎందరో దారిలోనే రాలిపోయారు. 1148లో డమాస్కస్ ముట్టడి విఫలమయ్యాక మిగిలినవాళ్లు వట్టి చేతులతో వెనుదిరిగారు. బంగారం పూత కన్నా ఆ ఒక్క ప్రసంగం పేదల ఇళ్లనుంచి ఎక్కువ తీసుకుపోయిందని నాకనిపిస్తుంది. గోడమీది దుబారా కంటికి కనిపిస్తుంది, మాటలో ఉన్నది కనిపించదు.

ఇంకో సంగతి నన్ను వదలదు. వెజెలే ఊరివాళ్లు తమ గోడు తాము రాసుకోలేదు. 1150లలో వాళ్లు మళ్లీ లేచారు. నెవేర్ కౌంటు అండతో ఒక్కటై, ఊరి వ్యవహారాలు తామే చూసుకుంటామని మఠానికి ఎదురు నిలిచారు. రాజు మఠం పక్షాన తీర్పిచ్చి వాళ్లను అణచాడు. ఈ కథంతా మనకు చెప్పినవాడు పువాతియే యూగ్ అనే సన్యాసి. ఆయన మఠం మనిషి. ఆయన రాతలో ఊరివాళ్లు ద్రోహులు. వాళ్ల కోపానికి ఏ కొలపాత్ర, ఏ కరువు, ఏ అవమానం కారణమో వాళ్ల నోట వినే అవకాశం మనకు లేదు.

స్తంభాలు చెక్కినవాడూ మఠం కూలి తిన్నవాడే. కానీ అతని ఉలి ఎవరినీ ద్రోహి అనలేదు. బస్తా మోసే ఒంటిని మోషేకిచ్చాడు. పాత నిబంధన మొత్తాన్ని తెచ్చి కూలివాడి భుజాన పెట్టాడు. మఠం ఇమ్మన్న అర్థం ఇచ్చాడు, అడగనిది కూడా కలిపి ఇచ్చాడు. 1106లో ఆర్తోమీద తిరగబడినవాళ్ల మనవలు 1150లలో మఠంమీదికి వచ్చినవాళ్లలో ఉండే ఉంటారు. ఆదివారాల్లో ఆ నడవలో నిలబడ్డవాళ్లూ వాళ్లే. ఆ గింజలు పోసే మనిషిని చూసి వాళ్లు మోషే అనుకున్నారా, మన తాతే అనుకున్నారా అని అడగాలనిపిస్తుంది.