ఎవరి మాట మీద ఎంటర్ నొక్కాలి?

మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి ఒకరు 'విద్య రొట్టె' అని పిలుస్తారు, ఇంకొకరు 'ఆరోగ్య రొట్టె' అంటారు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. తమ కోరికా తీరితే మరో ఏడు వచ్చి రొట్టె ఇచ్చి పోతారు. మైపాడు, కృష్ణపట్నం వైపు పల్లెల నుంచే కాదు, పక్క రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. ఇచ్చేవాళ్లది ఏ మతమని ఎవరూ అడగరు. 'నాకు ఉద్యోగం వచ్చింది' అన్న మాటకు రుజువూ అడగరు.

ఆ తీరప్రాంతంలోనే ఇంజనీరింగు చదివే కుర్రాడెవరైనా పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ వేసుకుని, తెలుగు టైపు చేద్దామని 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐబస్-ఎం17ఎన్' అని కొట్టాడనుకుందాం. యంత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలా లినక్స్‌లలో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు చెడిందేమోనని కొత్తవాళ్లు కంగారు పడేది ఇక్కడే. ఎంటర్ నొక్కాక, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఆ ప్యాకేజీకి యంత్రంలో ఏ మూలకైనా వెళ్లే అధికారం దక్కుతుంది. రొట్టె పుచ్చుకున్నవాడికి పోయేదేమీ లేదు. ఇక్కడ పోయేది చాలానే ఉంది. మరి, ముఖమెరగని వాళ్ల మాట నమ్మడానికి ఆధారం ఏమిటి?

మన దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్నే ఇది. కంటికి కనబడింది తప్ప మరేదీ ప్రమాణం కాదన్నారు చార్వాకులు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ప్రత్యక్షం, అనుమానం (తర్కంతో ఊహించడం) రెండూ చాలన్నాడు, ఇతరుల మాటను అనుమానంలోనే కలిపేశాడు. శబ్దానికి, అంటే ఇతరుల మాటకు, విడిగా పీట వేసినవాళ్లలో న్యాయ దర్శనం వాళ్లయిన నైయాయికులున్నారు, కానీ వాళ్లు ఒక షరతు పెట్టారు: చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు (కామసూత్రాల వాత్స్యాయనుడు వేరు) ఆప్తుడంటే ఎవరో వివరించాడు. విషయం స్వయంగా తెలిసి ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. అలాంటివాడు ఋషి అయినా, ఆర్యుడైనా, మ్లేచ్ఛుడైనా ఒకటేనన్నాడు. తర్కంలో అడుగుపెట్టే పిల్లల కోసం తర్కసంగ్రహం రాసిన మన తెలుగు పండితుడు అన్నంభట్టు మరీ క్లుప్తం: ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడు.

పరాయి దేశపు మ్లేచ్ఛుడి గురించి వాత్స్యాయనుడన్న మాట లినక్స్‌లో అక్షరాలా నిజమైంది. తెలుగులో ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, పోతన వంటి కీబోర్డు అమరికలను అందించే ఎం17ఎన్ పుట్టింది జపాన్‌లో, ఏఐఎస్‌టీ అనే పరిశోధన సంస్థలో. తెలుగు అక్షరాలు చూపించే లోహిత్ ఫాంటు రెడ్‌హ్యాట్ అనే అమెరికన్ కంపెనీ పుణ్యం. పోతన 2000, వేమన 2000 ఫాంట్లను తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి అందరికీ పంచిపెట్టారు. హైదరాబాదు కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ వాళ్లు ఏకంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగులోకి తెచ్చారు. వీళ్లలో ఎవరినీ నెల్లూరు కుర్రాడు కలిసి ఉండడు.

చార్వాకుడి దారి పట్టి, సోర్సు కోడు అంతా చదివాకే వేసుకుంటానని ఎవరైనా భీష్మించవచ్చు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కారం అందుకున్నప్పటి ప్రసంగం 1984లో అచ్చయింది. ఆ దారి ఎక్కడ మూసుకుపోతుందో అందులో చూపించాడు. కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలరే దొంగదైతే, శుభ్రమైన కోడు నుంచి కూడా దొంగ ప్రోగ్రాము పుడుతుంది. కళ్లతో చదివినా చాలదు. చివరికి ఎవరో ఒకరి మాట మీద ఆగక తప్పదు.

ఎక్కడ ఆగాలన్న దానిమీద మీమాంసకులకూ నైయాయికులకూ పడదు. దోషం బయటపడేదాకా జ్ఞానం తనంతట తానే ప్రమాణమని మీమాంసకుల వాదం. కాదు, ప్రామాణ్యం బయటి నుంచి తేలాలంటారు నైయాయికులు. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఈ విషయంలో నైయాయికుల పక్షమే. అక్కడి ప్యాకేజీల పట్టిక మీద డిజిటల్ సంతకం ఉంటుంది, ఒక్కో ప్యాకేజీకి ఒక్కో గుర్తు సంఖ్య ఉంటుంది. దారిలో ఒక్క అక్షరం మారినా ప్యాకేజీలు దించే ఆప్ట్ ఒప్పుకోదు. డెవలపర్‌గా చేరాలనుకునేవాడు మామూలుగా పాత డెవలపర్లను ముఖాముఖి కలిసి, గుర్తింపు కార్డు చూపించి, తన డిజిటల్ తాళంచెవి మీద వాళ్ల సంతకం తెచ్చుకోవాలి.

అయితే సంతకం చెప్పేది ఒక్కటే: ఈ సరుకు ఫలానా వాళ్ల దగ్గరి నుంచే వచ్చింది, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదు అని. సరుకు మంచిదని అది చెప్పదు. కొత్తవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పరు.

2024 మార్చి 29న ఈ తేడా ప్రపంచానికంతటికీ తెలిసొచ్చింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు ఉపకరణం దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూసుకుంటున్న లాసె కాలిన్‌కు సాయంగా 'జియా టాన్' పేరుతో ఒకరు వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే అధికారం పొందారు. 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టారు. సంతకం మాత్రం సరైనదే! వాత్స్యాయనుడి కొలతలో చూస్తే ఆ మనిషికి విషయ పరిజ్ఞానం దండిగా ఉంది, లేనిది రెండో లక్షణం. మనసులో ఏముందో ఏ సంతకమూ చూపించలేదు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయనేమీ దొంగ కోసం వెతకడం లేదు. ఆ విడుదల ఉన్న యంత్రంలో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ పోయాడు. అదృష్టమే, కాదనలేం. కానీ కోడు బయట ఉంది కాబట్టి ఆ అర సెకనును కడదాకా వెంటాడగలిగాడు. మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లోనైతే కంపెనీకి ఫిర్యాదు రాసి జవాబు కోసం ఎదురుచూసేవాడు. ఆ విడుదలలు డెబియన్ స్టేబుల్‌కు చేరలేదు. ఉబుంటు 24.04 బీటా వారం ఆలస్యమైంది.

దీన్నిబట్టి, తప్పు చేయనివాడి కోసం వెతకడం దండగ. చేసిన తప్పు పదిమందికీ దొరికేలా పనిచేసేవాడే ఈ రంగంలో ఆప్తుడు. కొత్తగా లినక్స్ వేసుకున్నవాళ్లు కొన్ని నెలల పాటు తమ పంపిణీ సొంత భాండాగారం దాటకపోవడం మంచిది. యూట్యూబులో ఎవరో 'సుడో'తో మొదలయ్యే వరుస చూపించి అతికించుకోమంటే, అందులో ప్రతి ముక్కకీ అర్థం తెలిసేదాకా ఎంటర్ జోలికి పోవద్దు. నెల్లూరు, కావలి కాలేజీల్లో లినక్స్ ల్యాబు చెప్పే మాస్టార్లకూ ఒక మనవి: ఆదేశాలు బట్టీ పట్టించే ముందు ఒక్క పీరియడు ఈ సంతకాల సంగతి చెప్పండి.