పరిశోధనకు మాత్రమే

కంప్లిలో బియ్యపు బస్తా కొన్నవాడు తూకముపై అనుమానము కలిగినచో మరల తూచి చూచుకొనగలడు. కొరత పడినచో వచ్చి అడుగగలడు. గాజుసీసాలోని చిటికెడు తెల్లపొడిని అతడు ఏ కాటాపై పరీక్షించుకొనగలడు? అక్కడ వర్తకుని మాటయే త్రాసు.

నేడు పెప్టైడులను పేర అమ్ముడుపోవు పొడుల విషయము ఇట్టిది. పెప్టైడనగా అమైనో ఆమ్లముల గొలుసు. మధుమేహ రోగులను బ్రతికించు ఇన్సులిన్ కూడ 51 అమైనో ఆమ్లముల పెప్టైడే. కావున ఆ జాతి అంతయు చెడ్డదని అనరాదు. చిక్కు అనుమతి లేని వానితోనే. గాయములు మాన్పునని చెప్పి అమ్ము బి.పి.సి.-157పై మనుష్యులలో తగినన్ని పరీక్షలు జరుగలేదు. 2022లో ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ దానిని క్రీడాకారులకు నిషేధించినది. 2023లో అమెరికా ఔషధశాఖ దానిని భద్రతపై సందేహములున్న పదార్థములలో చేర్చినది. మన దేశమున 1940 నాటి ఔషధ చట్టము, 2019 నాటి నియమముల ప్రకారము అనుమతి లేని క్రొత్త మందును అమ్మరాదు. అందుచేతనే సీసాపై “పరిశోధనకు మాత్రమే, మనుష్యులకు కాదు” అను చీటీ వెలసినది.

చీటీలో అసత్యము లేదు గదా, వాడుకొనుట కొన్నవాని యిష్టము గదా, వర్తకుని దోషమేమని కొందరు వాదింతురు. కొన్నవాని యింట ప్రయోగశాల లేదు, సూది మాత్రమే ఉన్నదని అమ్మువానికి తెలియును. సత్యమైన మాటతో అసత్యమును కప్పుటయే ఇది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున అచౌర్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో దొంగతూకముతోపాటు రాజ్యనియమములను మీరుట, నకిలీని అసలుగా చెలామణి చేయుట కూడ ఉన్నవి. జీవి మరణింపకున్నను అజాగ్రత్తయే హింసయని అమృతచంద్రాచార్యులు పురుషార్థసిద్ధ్యుపాయమున తేల్చిరి. “ఎవరును చావలేదు” అనుట సమాధానము కాజాలదు.

అనుమతి వచ్చువరకు రోగి ఎట్లు ఆగునను ప్రశ్న న్యాయమైనదే. 1922 జనవరి 11న టొరంటో ఆసుపత్రిలో 14 ఏండ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ ఎక్కించిరి. మందు శుద్ధముగా లేనందున సూది గుచ్చిన చోట గడ్డ లేచినది. వైద్యులు వెంటనే ఆపిరి. కాలిప్ అను శాస్త్రజ్ఞుడు మందును శుద్ధిచేయగా జనవరి 23న మరల ఎక్కించిరి, బాలుడు కోలుకొనెను. పరిశోధన యనగా అది: చూచువారు, ఆపువారు, వ్రాసి ఉంచువారు, బాధ్యత వహించువారు అక్కడ ఉన్నారు. నేటి నియమములలో పరీక్షకు లోనగువాని సమ్మతి, హాని కలిగినచో పరిహారము కూడ ఉన్నవి. చీటీ అంటించిన సీసా వెంట వీరిలో ఒక్కరును రారు.

గృహస్థునకు నిషిద్ధములైన 15 వ్యాపారములలో విషవాణిజ్యము ఒకటి. ఈ పొడి విషమో మందో అమ్మువానికే తెలియదు. తెలియక అమ్ముటయే దోషము. అట్టి సరకు అడుగవచ్చిన పిల్లవానికి “మా వద్ద లేదు, వైద్యుని చూడుము” అని చెప్పిన వర్తకునికి ఆ పూట లాభము కొంత తగ్గును. వ్రతము తగ్గదు.