వంటింట్లో సర్దడం, వంటింటికి సర్దుకోవడం

తెలుగులో క్రియకు 'కొను' చేరితే సాధారణంగా ఆ పని ఫలం చేసినవాళ్ళకే దక్కుతుంది. రాసుకోవడం, దాచుకోవడం, వండుకోవడం అన్నీ అలాంటివే. 'సర్దుకోవడం' దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ సూత్రం తలకిందులవుతుంది. ఫలం ఎదుటివాళ్ళకు పోతుంది, శ్రమ మనకు మిగులుతుంది. గిన్నెలు సర్దుతాం, బట్టలు సర్దుతాం, ఆ తర్వాత మనమే సర్దుకుంటాం. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు చెప్పే నీతుల్లో ఈ మాట ఎప్పుడూ మొదటి వరసలోనే ఉంటుంది.

ఈ రెండు అర్థాలూ రోజూ ఒకేచోట కలిసే గది వంటిల్లు. అది ఇరుకుగా, వంకరగా ఉంటే మరీను. ఇరుకు వంటింటిని నేర్పుగా సర్దుకున్న స్త్రీని మనం మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే, ఎందుకంటే అది నిజమైన విద్య. అయితే ఆ మెప్పు ఆమె విద్యకు దక్కుతున్నదా, లేక ఆమె నోరెత్తకుండా ఉన్నందుకు ఇచ్చే బహుమతా? ఇది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. దీన్ని గాలిలో చర్చించడం కన్నా ఒక వంటింటి కొలతలు ముందు పెట్టుకుని చర్చించడం మంచిదనుకుంటాను.

ఆ వంటిల్లు గార్లలో ఉంది. కాజీపేట నుంచి బెజవాడ పోయే రైలుమార్గంలో, డోర్నకల్‌కు ముందు వచ్చే స్టేషను గార్ల. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనలో మహబూబాబాద్‌లోకి వచ్చింది. మా తాతగారి పెంకుటిల్లు 1987లో ఇద్దరు కొడుకుల మధ్య పంపకమైంది. పెద్దమనుషులు కూర్చున్నారు, మేస్త్రి వచ్చాడు, తాడు పట్టి కొలిచారు. ఇద్దరు అన్నదమ్ములకూ ఆగ్నేయంలోనే వంటిల్లు కావాలి కాబట్టి, ఉన్న దూలాన్ని కదిలించకుండా, పక్కింటివాళ్ళ ఏటవాలు గోడను తాకకుండా, మధ్యలో ఒక గోడ లేపారు. మా చిన్నాయన వాటాకు వచ్చిన వంటిల్లు తొమ్మిదడుగుల పొడవు. గుమ్మం దగ్గర ఏడడుగుల వెడల్పు, లోపలి కొసకు వెళ్ళేసరికి నాలుగడుగులు. పొయ్యి ఏ దిక్కున ఉండాలో, వండే మనిషి ఏ దిక్కుకు తిరిగి నిలబడాలో వాస్తు పేరుతో గంటసేపు మాట్లాడుకున్నారట. ఆ మనిషి మోచేయి ఎక్కడ తగులుతుందో ఎవరూ అడగలేదు. ఆ మాటలు జరిగే చోట మా చిన్నమ్మ లేదు. వచ్చినవాళ్ళకు చాయ్ పెడుతూ ఉంది.

ఇప్పుడు ఆ వంటింటిని ఆమె ఏం చేసిందో చెప్పాలి. మొదట తలుపును తీసి బయటికి తెరుచుకునేట్టు బిగించమంది. లోపలికి తెరుచుకునే తలుపు రెక్క ఉన్న జాగాలో పావువంతు తినేస్తున్నది. షాబాదు బండతో వేయించిన గట్టును చివరి గోడదాకా పోనివ్వలేదు. రెండడుగుల గట్టు కొసదాకా పోతే నడవడానికి మిగిలేది రెండడుగులే. గట్టు ఆగినచోట బండ మూలను గుండ్రంగా కొట్టించింది, నడుముకు తగలకుండా. ఇరుకు కొసను నిలువు అరలకు వదిలింది. రోజూ కావలసినవి నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో, బరువైనవి కింద, పండక్కి మాత్రమే దించే బూరెల మూకుళ్ళు, పెద్ద గుండిగలు సజ్జ మీద. నీళ్ళు, పొయ్యి, కూరలు తరిగే చోటు మూడూ ఒక్క అడుగు వేస్తే అందేట్టు పెట్టుకుంది. పాత దూలానికి ఉట్టి మళ్ళీ వేలాడింది. కత్తిపీట వేసుకుని కూర్చోవడానికి మాత్రం లోపల చోటు దొరకలేదు. అందుకని గడప దగ్గర, సగం లోపల సగం బయట కూర్చుని తరిగేది.

1999లో మొదలైన దీపం పథకం గ్యాసు మా వాళ్ళింటికి రావడానికి మరి మూడేళ్ళు పట్టింది. సిలిండరు నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలను పట్టుకుని పరుచుకుంటుంది. కాబట్టి పైనున్న కిటికీ ఒక్కటీ చాలదు. కట్టెల పొయ్యి పొగకు పైన దారి కావాలి, గ్యాసుకు కింద దారి కావాలి. చిన్నమ్మ పెరటివైపు గోడలో నేలమట్టాన రెండు ఇటుకలు తీయించి, ఎలుకలు రాకుండా జాలీ కొట్టించింది.

ఒక్కటి మాత్రం ఆమె మార్చలేకపోయింది. గట్టు ఎత్తు. మేస్త్రి దాన్ని తన నడుముకు సరిపోయేట్టు కట్టాడు. చిన్నమ్మ పొట్టి మనిషి. పీట మీద నిలబడి ఇరవై ఏళ్ళకు పైగా వండింది.

అమర్త్య సేన్, మార్తా నుస్‌బామ్ వంటివాళ్ళు ఇలాంటి జీవితాల గురించి ఒక హెచ్చరిక చేశారు. ఏళ్ళ తరబడి లేమిలో ఉన్న మనిషి కోరికలు కూడా ఆ లేమి కొలతకే కుదించుకుపోతాయని, అందువల్ల 'నాకు సరిపోయింది' అన్న మాటను న్యాయానికి కొలబద్దగా తీసుకోకూడదని. జాన్ ఎల్‌స్టర్ 1983లో ఇదే విషయం మీద రాసిన పుస్తకానికి అందని ద్రాక్షపళ్ళ కథ నుంచే పేరు పెట్టాడు. నుస్‌బామ్ 2000లో అచ్చయిన 'విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్'లో మన మహబూబ్‌నగర్ మెట్టప్రాంతపు స్త్రీల ప్రస్తావన ఉంది. సరైన తిండి లేకపోయినా, శుభ్రమైన నీళ్ళు లేకపోయినా, ప్రభుత్వ చైతన్య కార్యక్రమం రాకముందు వాళ్ళలో ఆ స్థితి మీద కోపమే ఉన్నట్టు లేదని ఆమె రాశారు.

హెచ్చరిక అవసరమైనదే. మా చిన్నమ్మను అడిగితే ఆమె కూడా అదే అంటుంది. "ఈ జాగల్నే ముగ్గురు పిల్లల్ని పెంచిన. ఎవరికేం తక్కువ జేసిన బిడ్డా?" కానీ ఈ మాట విని ఆమెకు కోపం లేదని తేల్చేయడానికి నాకు మనసొప్పదు. ఎవరైనా వచ్చి అడిగినప్పుడు నోటితో చెప్పేదే మనిషి అభిప్రాయం అనుకుంటే పొరపాటు. బయటికి తిప్పిన తలుపు, గుండ్రంగా కొట్టించిన బండ, తీయించిన రెండు ఇటుకలు కూడా ఆమె అభిప్రాయాలే. ఆ ప్లాను ఎక్కడెక్కడ తప్పిందో ఆమె చేతులతో రాసిపెట్టిన ఫిర్యాదు పత్రం ఆ వంటిల్లు. దాన్ని ఫిర్యాదుగా చదవడం మనకు చేతకాలేదు. చక్కని ఇల్లాలితనం అని చదివాం.

ఆ చదువుకు మూల్యం కూడా ఉంది. అంత ఒద్దికగా అమర్చిన వంటిల్లు ఒక్క మనిషి చేతికే అలవాటు పడుతుంది. ఉప్పు ఎక్కడుందో, ఏ డబ్బా వెనుక ఏ డబ్బా ఉందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు, ఇంకెవరికీ తెలియదు. కాస్త సాయం చేయరాదా అని ఎప్పుడైనా అంటే చిన్నాయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "దాంట్ల ఇద్దరు పడ్తరా?" కొలతల ప్రకారం అది అబద్ధం కూడా కాదు. ఇరుకుతనం ఆమెకు కష్టమైతే ఆయనకు సాకు అయింది. ఆమె ఆ ఇరుకును ఎంత బాగా గెలిస్తే ఆ సాకు అంత గట్టిపడింది.

ఇది గార్లకో, మన పల్లెలకో పరిమితమైన కథ కాదు. 1926లో మార్గరెటె షుటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియన్ ఆర్కిటెక్టు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ళ కోసం ఒక చిన్న వంటింటిని రూపొందించింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. రైళ్ళలోని భోజనపు పెట్టెల వంటగదులను చూసి, ఒక్కొక్క పనికి పట్టే కాలాన్ని లెక్కకట్టి, అనవసరమైన ప్రతి అడుగునూ తగ్గించింది. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. ఆడవాళ్ళకు సమయం మిగిలితే వాళ్ళు బయటి ప్రపంచంలోకి రాగలుగుతారన్నది ఆమె ఆశ. ఆశయం గొప్పది. కానీ ఆ వంటింట్లోనూ ఒక్కరే పట్టేవారు. 1970ల తర్వాత స్త్రీవాదులు దాన్ని విమర్శించింది ఇందుకే. పనిని తేలిక చేసింది గానీ, పని ఎవరిదన్న ప్రశ్నను గోడలు కట్టి మూసేసింది అని. తాను అంతకుముందు వంటే చేయలేదని లిహోట్స్కీయే తర్వాత చెప్పింది. ఆమె గడియారం పట్టుకుని సాధించినదాన్ని మా చిన్నమ్మ పీట మీద నిలబడి సాధించింది. ఇద్దరి విజయమూ ఒకేచోట ఆగిపోయింది.

మన దేశపు నిర్మాణ నియమావళి ప్రకారం, భోజనానికి వేరే చోటు ఉన్న ఇంట్లో వంటిల్లు కనీసం 5 చదరపు మీటర్లు, వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు ఉండాలి. చిన్నమ్మ వంటిల్లు విస్తీర్ణం లెక్క కడితే సుమారు 4.6 చదరపు మీటర్లు. కాస్తే తక్కువ. వెడల్పు చూస్తే మాత్రం గుమ్మం దాటి మూడడుగులు వేశాక ఆ నియమావళి దృష్టిలో అది వంటిల్లే కాదు. మిగిలిన ఆరడుగుల పొడవునూ వంటిల్లుగా నిలబెట్టింది ఆమె శ్రమ. ఆ శ్రమ ఇంటి విలువలో చేరదు, పంపకాల కాగితంలో చేరదు.

చేరని లెక్కలు ఇంకా ఉన్నాయి. జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసిన స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసిన పురుషులు 97 నిమిషాలు దానిమీద గడిపారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అంటే ఐదేళ్ళలో ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201కి తగ్గింది. ఒక్క నిమిషం. అసలు ఇంటిపని ముట్టని మగవాళ్ళు ఈ సగటులోకి రానేరారు. గ్యాసు, మిక్సీ వచ్చినా, గట్లు ఎత్తుగా లేచినా, తేడా మాత్రం కదల్లేదు. పనిముట్లను సర్దడం వేరు, పనిని పంచడం వేరు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అలాగని వంటింటినే కూల్చేస్తే పోతుందా? విమల 'వంటిల్లు' కవిత వచ్చినప్పుడు మనలో చాలామందికి గొంతు దొరికినట్టయింది. ఆ కోపం ఇప్పటికీ అవసరమే. కానీ గార్ల చుట్టుపక్కల తండాల్లో, కూలి చేసుకుని బతికే వాడల్లో, వంటిల్లు అనే గదే లేని ఇళ్ళు ఉన్నాయి. ఉన్న ఒక్క గదిలో ఒక మూలో, ఇంటి ముందు మూడు రాళ్ళో వాళ్ళకు వంటిల్లు. వాన పడితే పొయ్యి ఆరిపోయే మనిషికి వంకర గోడలైనా, నాలుగు గోడలు కావాలనిపిస్తుంది. వంటిల్లు ఉన్నవాళ్ళు దాన్ని కూల్చే మాట, లేనివాళ్ళు దాన్ని అడిగే మాట, రెండూ ఒకే హక్కు గురించిన మాటలే. చోటు ఎలా ఉండాలో అందులో నిలబడే మనిషి నిర్ణయించాలన్నదే ఆ హక్కు.

ఇప్పుడు ఆ హక్కును అడగడానికి ఒక సందర్భం ఉంది. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో ఇంటికి 5 లక్షల రూపాయల సాయం ఇస్తున్నారు. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, అందులో వంటగది ఉండాలి, మంజూరు ఇంటి మహిళ పేరు మీద జరగాలి. పేరు ఆమెది అయింది, మంచిదే. ముగ్గు పోసేరోజు తాడు ఎవరి చేతిలో ఉంటుంది? గట్టు ఎవరి నడుము ఎత్తుకు లేస్తుంది? 400 అడుగుల్లో చోటు చాలక ఏదో ఒక గది తగ్గాల్సి వస్తే ముందుగా తగ్గేది ఏది?

నా దృష్టిలో ఒక సర్దుబాటు న్యాయమైనదా కాదా అని తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. సర్దుకునే మనిషిని ముందుగా అడిగారా? ఆమె సర్దుకోవడం వల్ల మిగిలిన సమయంలో, చోటులో, డబ్బులో ఆమెకు వాటా ఉందా? ఆమె సర్దిన చోట ఇంకొకరు కూడా నిలబడి పని చేయగలరా? మూడింటికీ అవునంటే, అది నలుగురు కలిసి బతకడంలో సహజంగా ఉండే ఒదుగుబాటు. డబ్బు లేనప్పుడు, జాగా లేనప్పుడు, అందరం ఎంతోకొంత ఒదుగుతాం, అందులో అవమానమేమీ లేదు. మూడింటికీ కాదంటే, దానికి మనం ఎంత అందమైన పేరు పెట్టినా అది ఒకరి మీద మోపిన బరువే. ఈ ప్రశ్నలు వంటింటికే కాదు, ఉమ్మడి కుటుంబానికి, ఉద్యోగానికి, మనం నడుపుకునే సంఘాలకు కూడా పనికొస్తాయి.

చిన్నమ్మలాంటి స్త్రీలు ముప్పై నలభై ఏళ్ళుగా సంపాదించిన జ్ఞానం ఉంది. తలుపు ఎటు తెరుచుకోవాలో, గాలికి ఎక్కడ దారి వదలాలో, ఒక మనిషి తిరగడానికి ఎంత చోటు కావాలో, ఇద్దరు కలిసి వండుకోవడానికి ఎంత కావాలో వాళ్ళకు తెలుసు. ఆ జ్ఞానాన్ని తప్పు ప్లానును భరించడానికే ఖర్చు చేయించాం ఇన్నాళ్ళూ. ఇకనైనా ప్లాను గీసేముందు అడగాలి. మేస్త్రి రాకముందే, ముగ్గు పోయకముందే, ఆమె గట్టు దగ్గర నిలబడినట్టు నిలబడి, ఇంత ఎత్తు చాలు అని చెప్పాలి. పక్కన ఇంకో మనిషికి చోటు వదలమని కూడా చెప్పాలి. ఆ రెండో మనిషి వస్తాడా రాడా అన్నది వేరే పోరాటం. రాకపోవడానికి చోటు లేదన్న సాకు మాత్రం మిగలకూడదు.