పోచంపల్లి ఎండాకాలం

మేళ్లచెరువులో ఏప్రిల్ ఎండ సంగతి మీకు చెప్పాలా! సిమెంటు ఫ్యాక్టరీలు ఇంకా లేని రోజుల్లో కూడా ఇక్కడి సున్నపురాయి నేల ఇలాగే సెగలు కక్కేది.

అలాంటి ఎండలోనే, 1951లో, వినోబా భావే కాలినడకన అప్పటి మన నల్గొండ జిల్లాకు వచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు. పగలు పోలీసుల భయం, రాత్రి దళాల భయం. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు ఆయన్ని ఎనభై ఎకరాలు అడిగారు. ఆయన దగ్గర సెంటు భూమి లేదు. సర్కారుకు రాద్దామనుకున్నారు. ఎందుకో, ఆ సాయంత్రం ఊరివాళ్లనే అడిగి చూశారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి, నూరెకరాలు ఇస్తానన్నారు.

ఇచ్చినాయన మారాడని అందరూ చెబుతారు. నాకు మాత్రం అడిగినాయన ఎక్కువ మారాడనిపిస్తుంది. అప్పటికి వినోబాకు యాభై అయిదేళ్లు. ఆశ్రమం, చదువు, ధ్యానం: జీవితం ఒక ఒడ్డుకు చేరిన వయసు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదట. ఆ తర్వాత పదమూడేళ్లు దేశమంతా నడుస్తూనే ఉన్నారు, ఊరూరా భూమి అడుగుతూ.

దానంగా వచ్చిన భూముల్లో రాళ్లూరప్పలూ చాలానే ఉన్నాయి. కొన్ని పేదల చేతికి అందనే లేదు, కొన్ని ఇప్పటికీ కోర్టుల్లో నలుగుతున్నాయి. ఆ లెక్క దాచాల్సిన పని లేదు. ఊరు మాత్రం తన పేరు ముందు భూదాన్ అని చేర్చుకుంది. పోచంపల్లి చీర కొనడానికి వెళ్లినప్పుడు బోర్డు మీద ఆ మాట చూసే ఉంటారు.