ఆ అద్దాలు తుడిచేదెవరు?

వింత కట్టడాల బొమ్మలు కనిపిస్తే చాలు, చేతిలో పని పక్కన పెట్టేసి చూస్తూ కూర్చునే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఒరిగిపోయి కూడా పడిపోని పీసా గోపురం, సముద్రం ఒడ్డున తెరచాపలెత్తినట్టుండే సిడ్నీ సంగీతశాల... అంత దూరం ఎందుకు, మన లేపాక్షిలో ఒక్క మూల తప్ప నేలకి ఆనని రాతి స్తంభం లేదూ? వెళ్ళిన ఆడవాళ్ళందరిలాగే నేనూ పైట చెంగు దాని కిందుగా అటు నుంచి ఇటు లాగి చూసి మురిసిపోయాను. అయితే గుడి స్తంభానికి ఒక సౌఖ్యం ఉంది. దాని కింద ఎవరూ కాపురం చెయ్యరు. కాపురం ఉండాల్సిన ఇల్లే వింతగా ఉంటే? అది గొప్పదో కాదో తేల్చాల్సింది ఎవరంటారు? వీధిలో నిలబడి చూసేవాళ్ళా, లోపల పొయ్యి వెలిగించేవాళ్ళా?

అమెరికాలో చికాగో నగరానికి కొంత దూరంలో, ఫాక్స్ అనే నది ఒడ్డున ఒక అద్దాల ఇల్లుంది. ఎడిత్ ఫార్న్స్‌వర్త్ అనే డాక్టరమ్మ, పెళ్ళి చేసుకోని మనిషి, సెలవు రోజుల్లో నది ఒడ్డున తెరిపిగా గడుపుదామని మీస్ వాన్ డెర్ రో అనే పేరుమోసిన భవనశిల్పి చేత కట్టించుకుంది. 1951 నాటికి పూర్తయింది. చుట్టూ గోడలకి బదులు నిలువెత్తు అద్దాలే. ప్రపంచంలోని శిల్పులందరూ ఆహా ఓహో అన్నారు. కానీ ఖర్చు అనుకున్నదానికంటే ఎంతో పెరిగి, కట్టినాయనా కట్టించుకున్నావిడా కోర్టుకెక్కారు. ఆవిడ చెప్పుకున్న కష్టాల్లో ఒకటి మనబోటివాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. దారిన వచ్చేవాళ్ళకి వంటిల్లు మొత్తం కనిపిస్తుంది కనక, సింకు కింద చెత్తబుట్ట కూడా పెట్టుకోలేకపోయిందట! శిల్పశాస్త్రం మీద వచ్చిన విమర్శల్లో ఇంతకంటే సూటైనది నాకు కనబడలేదు.

ఆ ఇంటి బొమ్మ ఫోనులో మా మేనత్తకి చూపించాను. మా అత్త మిడుతూరుకి కోడలుగా వెళ్ళి యాభై ఏళ్ళు దాటింది. కళ్ళజోడు సవరించుకుని, బొమ్మని దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి చూసింది. "బాగుండాది పాపా. ఇంత అద్దం తుడిచేదెవురు?" అంది.

పెన్సిల్వేనియాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన మరో ఇల్లుంది. జలపాతం ఎదురుగా కాదు, ఏకంగా జలపాతం నెత్తినే కట్టాడు. 1930లలో కట్టిన ఆ ఇంటిని ఇప్పటికీ జనం టిక్కెట్టు కొనుక్కుని చూసి వస్తారు. కట్టించుకున్న షావుకారు కాఫ్‌మన్ మాత్రం దాన్ని ఏడు బకెట్ల ఇల్లు అని వేళాకోళం చేసేవాడట. వానొస్తే కురిసే చోటల్లా బకెట్టు పెట్టాలి మరి! ముందుకి చొచ్చుకొచ్చిన వసారాలు నానాటికీ కిందికి వంగిపోతుంటే 2002లో లోపల ఉక్కు తీగలు బిగించి నిలబెట్టారు. ఈ సంగతి విన్నాక మా అత్తకి ఆ షావుకారు మీద ఎక్కడలేని ఆపేక్ష పుట్టుకొచ్చింది. ఎందుకంటే ఆవిడదీ బకెట్ల ఇల్లే.

మిడుతూరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది గాని 2022 దాకా కర్నూలు జిల్లాలోదే. ఆ వైపు పాత ఇళ్ళు మట్టి మిద్దెలు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు మొదటిసారి చూసి, పెంకూ లేక, తాటాకూ లేక, ఈ ఇళ్ళకి కప్పేదీ అని వెతుక్కుంటారు. మూరెడు మందాన రాతి గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆ పైన నాపరాళ్ళో కట్టెలో పరిచి మట్టి మెత్తుతారు. అన్నిటికంటే పైన చౌడు. చౌడునేల పేరు చెబితే రైతు మొహం మాడ్చుకుంటాడు. గింజ మొలవదు, నీరు ఇంకదు. ఆ ఇంకకపోవడమే మిద్దెకి గొడుగు! తడిసిన చౌడు మెత్తబడి తన సందులు తనే పూడ్చుకుని, నీటిని కిందికి దిగనివ్వకుండా పక్కకి జార్చేస్తుంది. పొలంలో దండగ అనుకున్న మట్టిని తెచ్చి నెత్తిన పెట్టుకోవచ్చని మొదట ఎవరికి తట్టిందో గాని, ఆ మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. కప్పు మధ్యలో గవాచి. వెలుతురు లోపలికి, పొగ బయటికి. వానొస్తే దాన్ని మూసెయ్యాలి. బయట 40 డిగ్రీలు దాటి మండుతున్న వేసవి మధ్యాహ్నం ఆ పడసాలలో చాప పరుచుకుని పడుకుంటే, నన్నడిగితే అద్దాల ఇల్లు కట్టినాయన ఇక్కడికొచ్చి నాలుగు రోజులుండి పోవాల్సింది.

కానీ ఆ చల్లదనం ఊరికే రాదు. వానలకి ముందు ఏటా మిద్దెక్కి కొత్త చౌడు పొయ్యాలి. పైన గడ్డి మొలిస్తే పీకాలి. చెదలు చూసుకోవాలి. కప్పు నుంచి రాలే మట్టిని రోజుకి రెండుసార్లు పొరకతో ఊడవాలి. పొయ్యి మీది కూరలో రాలితే కూర పారబొయ్యాలి. ఇదంతా చేసే మనుషులు ఊళ్ళో తగ్గిపోయారు. కొడుకు హైదరాబాదు, కోడలి ఉద్యోగం హైదరాబాదు. పడగొట్టి స్లాబు వేద్దామని అత్త తీర్మానించుకుంటే, పట్నం నుంచి వచ్చిన కోడలి స్నేహితురాలు ఇల్లంతా కలయదిరిగి, "ఇలాంటి ఇల్లు కూల్చడం పాపమండీ" అంది పాపం, నిజంగానే బాధపడుతూ. అత్త శాంతంగా విని, "పాపమేలేమ్మా. నిలబెడితే వచ్చే పుణ్యం ఎవురికి?" అంది.

నాకు ఆ ప్రశ్న పట్టుకుంది. ఈ లెక్క పెద్ద ఎత్తున ఒకసారి మా వైపే జరిగింది కూడా. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని, చాళుక్యుల కాలం నాటిది, రాయి రాయి విప్పి అలంపురం తీసుకొచ్చి మళ్ళీ పేర్చారు. ఇప్పుడు చూస్తే అక్కడే పుట్టినట్టుంటుంది. మంచి పనే, కాదనను. అదే నీటి కింద వంద దాకా ఊళ్ళు పోయాయి. 1981లో వాటిని ఖాళీ చేయించారు. ఆ ఊళ్ళలోని మట్టి మిద్దెలు విప్పి పేర్చడానికి ఎవరూ రాలేదు. ఈజిప్టులోనూ ఇదే తంతు. అస్వాన్ ఆనకట్ట కోసం 1964 నుంచి 68 దాకా ప్రపంచమంతా చందాలేసి అబూ సింబెల్ కొండగుడులని కోసి 65 మీటర్ల పైకెత్తింది. ఆ నది ఒడ్డునే నూబియా వాళ్ళ మట్టి ఇళ్ళుండేవి. గోడలకి బొమ్మలేసి, గుమ్మాల చుట్టూ పింగాణీ పళ్ళాలు పొదుక్కునేవారు. అవి మునిగిపోయాయి.

రాజు కట్టిందయితే శిల్పం, మనిషి కట్టుకున్నదయితే కొంపా అని నాకు కోపమొస్తుంది. కానీ ఆ కోపంతో మా అత్తని మిద్దె కూల్చొద్దనడానికి నోరు రాదు. పోనీ, ఉండేవాళ్ళ మాటే చివరి మాట అందామా అంటే, వాళ్ళ మాటా ఒక్కటిగా ఉండదు. అన్ని తిట్లు తిట్టిన ఎడిత్ ఆ అద్దాల ఇంట్లో ఇరవై ఏళ్ళ దాకా ఉంది. నది పొంగి లోపలికొచ్చినా వదల్లేదు. మా అత్త స్లాబు ఇంట్లోకి మారాక కూడా పాత పడసాల ఒక్కటీ కూల్చనివ్వలేదు. ఎండాకాలం నడినెత్తిన స్లాబు పెనంలా కాలుతుంటే, దిండు చంకన పెట్టుకుని అందులోకి పోయి పడుకుంటుంది. అదేం అంటే, "చల్లగుంటాది, ఏం చేసేది" అని విసుక్కుంటుంది. ప్రేమ అని ఒప్పుకోదు.

ఈ మధ్య ఆ పడసాల సంగతి ఎవరు చెప్పారో, కాలేజీ కుర్రాళ్ళు కెమెరాలు తగిలించుకుని వస్తున్నారు. గవాచి లోంచి పడే వెలుతురు చూసి, దేవుడి గదిలోకి వచ్చినట్టు గుసగుసగా మాట్లాడుకుంటారు. మా అత్త వాళ్ళకి మజ్జిగిస్తుంది, ఎన్ని ఫోటోలు తీసుకున్నా ఏమీ అనదు. నిచ్చెన దగ్గర మాత్రం వానలకి ముందే తెప్పించిన చౌడు కుప్ప ఉంటుంది, పక్కనే ఓ గంప. వెళ్ళొస్తామవ్వా అని లేచినవాళ్ళకి దాన్ని చూపిస్తుంది.

"పొయ్యేటప్పుడు తలా ఒక గంప పైన పోసి పోండి నాయినా."